తువ్వాలు కింద వేళ్ళు

బడా బజార్‌లో మినుముల బస్తా దిగితే, కొనేవాడి కంటే ముందు అమ్మేవాడు దేవుడికి దండం పెట్టుకుంటాడు. ఎందుకంటే ఎదురుగా శివరాం కూర్చుని ఉంటాడు, చేతిలో మొన తేలిన ఇనప గొట్టం పట్టుకుని. బస్తా మూతి దగ్గర సరుకు ఆయన చూడనే చూడడు. అక్కడ మంచిది పోస్తారని ఎవరికి తెలీదు? సరిగ్గా బస్తా నడుంలో గుచ్చుతాడు. గొట్టంలోంచి రాలిన నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని వాసన చూస్తాడు, ఒకటి పంటి కింద కొరుకుతాడు. అంతే. ఆ తర్వాత ఆయన మాటకి బరంపురంలో తిరుగు లేదు. నలభై ఏళ్ళలో ఆయన చూసిన సరుకు ఒక్కసారీ తేడా రాలేదు. ఆ సంగతి ఊరు చెప్పింది కొంతయితే, ఆయన చెప్పుకున్నది కొండంత.

ఆ మాట కూడా పైకి చెప్పేవాడు కాదు. కొట్లో అన్నదమ్ములిద్దరు, పెద్దాయన శ్యామసుందర్, చిన్నాయన శివరాం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైన తువ్వాలు కప్పుకునేవారు. అమ్మేవాడు గుటకలు మింగుతూ నిలబడితే, తువ్వాలు కింద వేళ్ళు మాట్లాడుకునేవి. ఐదు వేళ్ళూ పట్టుకుంటే ఒకటో రకం. వేళ్ళు తగ్గేకొద్దీ రకం తగ్గుతుంది. గడువు మాటొస్తే వేలికో రోజు లెక్క. అరచేతిలో గోరుతో గీరితే, ఈ సరుకు వద్దు, తిరగ్గొట్టు అని. బేరం కుదిరితే ఎదుటివాడి వేలు గుప్పిట్లో బిగించాలి. అదంతా వాళ్ళ నాన్న నేర్పిన విద్య. మగపిల్లలిద్దరికీ నేర్పాడు. మధ్యలో పుట్టిన భారతీదేవి "నాకూ నేర్పు నాన్నా" అని చెయ్యి చాపితే, లోపలికెళ్ళి పప్పు ఏరుకోమన్నాడు.

అలాంటి శ్యామసుందర్‌కి డెబ్భై నాలుగో ఏట గొంతులో కేన్సరు పట్టుకుంది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. డాక్టర్లు గొంతుకి గొట్టం పెట్టారు, మాట పోయింది. మెడ చుట్టూ కట్టు, తల అటూ ఇటూ తిరగదు. పలకా బలపం ఇస్తే గీతలే తప్ప అక్షరం రాదు. చివరికి పెద్దాసుపత్రి డాక్టరు చేతులెత్తేశాడు. "ఇంక నెలో, రెండు నెలలో. కానీ నొప్పి మామూలుగా ఉండదు. ఈ మార్ఫిన్ మాత్ర వేళకి పడితే ప్రశాంతంగా పోతారు. పడకపోతే నరకం" అని చీటీ రాసిచ్చాడు.

ఇంట్లో ఆ పుండు వాసనకి శివరాం భార్య ఇంద్రజ అన్నం మానేసింది. దిగపహండిలో కొడుకు దగ్గరుండే భారతీదేవి బస్సెక్కి వచ్చి, "ఇంట్లోనే ఉంచు తమ్ముడూ, నేనుండి సూసుకుంటాను" అంది.

"నీ మోకాళ్ళకి నిన్నే ఒకలు సూడాలి. నువ్వేటి సూస్తావప్పా?" అని శివరాం అక్కగారి నోరు మూయించాడు. ఊరి శివారు అంకులిలో లోకనాథ్ అనే ఆయన ఒక సేవాసదనం పెట్టాడని, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని నొప్పి తెలీకుండా సాగనంపుతారని అప్పటికే విని ఉన్నాడు. "నేనెల్లి సూసొస్తాను. నేను సూసిన సరుకు ఎప్పుడైనా తేడా వచ్చిందా?" అన్నాడు. ఈ సంగతి తెలిసి వర్తకుల సంఘం వాళ్ళు కూడా, "మీరు బాగుందంటే మా ఇళ్ళలో ముసలాళ్ళకీ అదే చోటు" అన్నారు. ఇంకేముంది, శివరాం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మిట్టమధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్ళాడు. "ఆజ్ఞా, ముందు టీ తాగండి" అంటూ లోకనాథ్ ఒడియా మర్యాదతో వెనకాల పరిగెడుతున్నా ఆగలేదు. వాకిట్లో గది బస్తా మూతి లాంటిదని ఆయన లెక్క. తిన్నగా చివరి గదిలో, చివరి మంచం దగ్గరికి వెళ్ళాడు. దుప్పటి ఎత్తి వాసన చూశాడు. తలగడ నొక్కాడు. మంచం కింద వేలు పెట్టి దుమ్ము చూశాడు. వంటగదిలో గంజి చెంచాడు నోట్లో పోసుకున్నాడు. ఆ మంచం మీద కూర్మయ్య అనే ముసలాయన ఉంటే, పక్కకి ఒత్తిగిల్లించి, వీపు మీద పుళ్ళు పడ్డాయేమో చూశాడు. ఒక్క మచ్చ లేదు.

"ఎలా సూస్తన్నారు తాతా?"

"రాజాలాగ సూస్తన్నారు బాబూ. నాకే కష్టవూ లేదు."

ఉండదు మరి. కూర్మయ్య మెడ దగ్గర్నుంచీ చచ్చుబడిపోయిన మనిషి. పుండయినా పోటయినా ఆయన ఒంటికి తెలీదు. ఇరవై మంచాల్లో నొప్పెరగని మనిషి ఒక్కడుంటే, మన శివరాం గారి గొట్టం సరిగ్గా అక్కడే గుచ్చుకుంది.

చివర్లో, "నొప్పి మందుందా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు ఆజ్ఞా?" అని లోకనాథ్ గోడవారన ఉన్న ఆకుపచ్చ బీరువా చూపించాడు. దానికి అరచెయ్యంత తాళం. "తాళంచెవి కాంపౌండరు దగ్గరుంది. భోజనానికెల్లాడు, రమ్మనమంటారా?"

"వద్దులే" అన్నాడు శివరాం.

గింజ కొరక్కుండా బస్తా దింపుకోని మనిషి, బీరువా తీయించలేదు. ఎందుకు తీయించలేదో నేను చెప్తాను. ఇంట్లో ఆ వాసన. ఇంద్రజ మొహం. 'ఉంది' అనే ఒక్క మాట కోసమే ఆయన అంత దూరం వచ్చాడు. ఆ మాట దొరికింది. దొరికినదాన్ని ఎవడైనా కొరికి చూసుకుంటాడా? జేబులో వేసుకుని వచ్చేశాడు. సాయంత్రానికి బజారంతా "ఒకటో రకం" అని చాటాడు. రెండో రోజు అన్నని తీసుకెళ్ళి అక్కడ చేర్చాడు. ఆ వారంలోనే, శివరాం మాట పట్టుకుని, బెల్లం కొట్టు పైడన్న వాళ్ళమ్మని చేర్చాడు. ఇంకో ఇంటివాళ్ళు వాళ్ళ తాతని చేర్చారు.

ఆరో రోజు భారతీదేవిని వెంటబెట్టుకుని చూడ్డానికెళ్ళాడు. గడ్డం గీశారు, ఒళ్ళు తుడిచారు, మంచం మీద మల్లెపువ్వులాంటి దుప్పటి. చూడ్డానికి అంతా బాగానే ఉంది. కానీ శ్యామసుందర్ కింది పెదవి కొరుక్కుని కొరుక్కుని పుండైపోయింది. తమ్ముణ్ణి చూడగానే దుప్పటిలోంచి ఆయన చెయ్యి బయటికొచ్చి గాలిలో వెతుక్కుంది. శివరాం నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆ చెయ్యి అందుకుని పైన తువ్వాలు కప్పాడు.

గోరు అరచేతిలో గీరింది. మళ్ళీ గీరింది. మూడోసారి గీరితే తోలు లేచింది.

"ఏటంటన్నాడు తమ్ముడూ?" అంది భారతీదేవి. పక్కన లోకనాథ్ మెడ చాపి వింటున్నాడు.

శివరాం తువ్వాలు సర్దాడు. ఊళ్ళో అంతమందికీ చెప్పేశాడు. పైడన్న వాళ్ళమ్మ పక్కగదిలోనే ఉంది. ఇప్పుడు తప్పంటే ఎలా?

"ఐదు వేళ్ళూ పట్టుకున్నాడప్పా. ఒకటో రకమంట" అన్నాడు.

శ్యామసుందర్‌కి పోయింది మాటే. చెవులు బంగారంలా ఉన్నాయి. ఆయన కళ్ళు తమ్ముడి మొహం మీద అలా నిలబడిపోయాయి. రెండు కొసల నుంచీ నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి.

"నిన్ను సూసి ఏడుపొచ్చింది" అన్నాడు శివరాం. భారతీదేవి కొంగుతో అన్నగారి కళ్ళు తుడిచి, లోకనాథ్‌కి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తిరుగు ప్రయాణంలో ఆటోలో శివరాం అరచెయ్యి పంచెకి రాసుకుంటూ కూర్చున్నాడు. రోగంతో ఉన్న మనిషికి అన్నీ చేదుగానే ఉంటాయి, నాలుగు రోజులు పోతే అలవాటు పడతాడు అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

నాలుగు రోజులు పోయాయి. ఈసారి ఒక్కడే వెళ్ళాడు, మనసు ఊరుకోక. గేటు దగ్గర దిగేసరికి లోపల్నుంచి టకటకా ఇనుము గోడకి కొట్టుకుంటున్న చప్పుడు. వరండాలో ఆయా కాసమ్మ బట్టలు మడతపెడుతోంది.

"ఏటా సప్పుడు?"

"మీ అన్నియ్యే బాబూ. గొంతుంటే ఆయనే అరిసేవోడు. లేదు కదా, మంచం అరుస్తంది."

"మందెయ్యలేదా?"

"ఏ మందు?" కాసమ్మ మడత ఆపి ఆయన మొహంలోకి చూసింది. "ఆ బీరువాలో జొరం మాత్రలు, గాజుగుడ్డ తప్ప ఏటీ నేదు. మీరిచ్చిన సీటీలో మందుకి గవర్నమెంటు కాయితం కావాలంట. ఇక్కడికి ఎప్పుడూ రానేదు. ఆ తాళం కూడా ఉత్తిదే బాబూ, లాగితే వచ్చేస్తది. మీరు లాగి సూత్తారనే అనుకున్నాం అందరమూ."

శివరాంకి తల కొట్టేసినట్టయింది. దిగిన ఆటో ఇంకా గేటు దగ్గరే ఉంది. పెద్దాసుపత్రి ఇరవై నిమిషాల దారి, మందు అక్కడుంది. అన్నని ఎత్తి ఆటోలో వేసుకుంటే ఈపాటికి సగం దూరం పోయేవాడు. లోపలికైతే వెళ్ళాడు.

అన్నగారు చెయ్యి చాపాడు. ఈసారి గీరలేదు. వేళ్ళతో తడుముకుంటూ తమ్ముడి జేబులో ఉన్న తాళంచెవుల గుత్తి పట్టుకుని ఊపాడు. ఇంటి తాళాలు. ఇంటికి తీసుకెళ్ళమని. తువ్వాలు కింద ఐదు వేళ్ళూ పట్టుకుని వదిలి, మళ్ళీ ఐదు వేళ్ళూ పట్టుకున్నాడు. పది రోజులు. పది రోజులుంచు చాలు.

శివరాం చెయ్యి కదల్లేదు.

ఒక్కసారే ఐదు వేళ్ళు పట్టుకున్నాడు. ఐదు రోజులు.

శివరాం కళ్ళ ముందు బజారు తిరుగుతోంది. ఇవాళ అన్నని ఇంటికి తీసుకెళ్తే సాయంత్రానికి ఊరంతా గుప్పుమంటుంది. పైడన్న వాళ్ళమ్మని మంచంతో సహా తెచ్చి కొట్టు ముందు దింపుతాడు. శివరాం కళ్ళు పోయాయంటారు. నలభై ఏళ్ళ పేరు గంగలో కలుస్తుంది.

మూడు వేళ్ళు. మూడు రోజులు. శ్యామసుందర్ నలభై ఏళ్ళ బేరాల్లో ఎప్పుడూ ఇంత తొందరగా దిగి ఎరగడు.

ఆ తర్వాత ఒక్క వేలు. తమ్ముడి అరచేతిలో ఆ ఒక్క చూపుడువేలు ఆగింది. ఒక్క రోజు. గుప్పిట బిగిస్తే చాలు, బేరం కుదిరిపోతుంది. అన్న మీద ప్రేమ లేదా అంటే, ఉంది. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని బడికి మోసిన అన్న. కానీ పేరు మీద ప్రేమ ఇంకాస్త ఎక్కువుంది, అంతే తేడా. శివరాం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తువ్వాలు తీసేశాక కూడా ఆ వేలు అలాగే లేచి ఉంది. తనే దాన్ని మడిచి దుప్పటిలో పెట్టాడు. పోతూ పోతూ ఆఫీసులో లోకనాథ్ చాపిన పుస్తకంలో 'సేవ ఒకటో రకం' అని రాసి సంతకం చేశాడు.

ఆ మంచం ఇంకో పదకొండు రోజులు గోడకి కొట్టుకుని, ఆగిపోయింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక సంఘం ప్రెసిడెంటు అందరిలో అడిగాడు, ఇంతకీ ఆ చోటు ఎలాంటిదని. శివరాం గొంతు సవరించుకున్నాడు. "మా అన్నియ్య మాట లేకపోయినా, ఐదు వేళ్ళూ పట్టుకుని మరీ సెప్పాడు" అన్నాడు. అందరూ తలలూపారు. ఇద్దరు ముగ్గురు అక్కడి ఫోన్ నంబరు రాసుకున్నారు.

జనం వెళ్ళిపోయాక భారతీదేవి తమ్ముడి పక్కన వచ్చి కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర చిన్న సంచి ఉంది.

"నీకొక మాట సెప్పాలి తమ్ముడూ. నాకూ కడుపులో గడ్డుంది. ఆరు నెలలయింది. అన్నియ్యకి సెప్పిన డాక్టరే నాకూ సెప్పాడు, నొప్పొస్తదని. నా కొడుక్కి ఇంకా తెలీదు. ఆడింట్లో ఆ సాకిరీ నేను పెట్టలేను. అన్నియ్య పడుకున్న మంచమే నాకిమ్మని లోకనాథ్‌ని అడిగాను. రేపట్నించి రమ్మన్నాడు. ఇయాళ దిగపహండి ఎల్లి, బట్టలు సర్దుకుని, పొద్దున్నే వచ్చేస్తాను."

"ఇంట్లో..." అన్నాడు శివరాం. లోపల ఇంద్రజ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. బయట అరుగు మీద ప్రెసిడెంటు ఇంకా ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అందులో తన పేరు వినిపించింది.

"ఏటి ఆలోసిస్తన్నావు? నువ్వు సూసిన సరుకు కదా" అంది భారతీదేవి.

"మంచి చోటే అప్పా" అన్నాడు.

ఆమె మొహం తేటపడింది. తమ్ముడి భుజం మీది తువ్వాలు తనే తీసి, చెయ్యి చాపి, ఇద్దరి చేతుల మీదా కప్పింది. "రేపు నాకూ నోరు పడిపోతే? నీకెలా సెప్పుకోను? ఆ వేళ్ళ మాట నాకూ నేర్పు. నాన్న నేర్పలేదు, నువ్వైనా నేర్పు."

శివరాం ఆమె ఐదు వేళ్ళూ తీసుకుని తన చేతి చుట్టూ పెట్టాడు. "ఇలా పట్టుకుంటే బాగుందని."

"మరి బాగోకపోతే?"

తువ్వాలు కింద శివరాం గోరు ఆమె అరచేతిని తాకింది. తాకి, అక్కడే ఆగింది. ఆయన అరచేతిలో అన్న గీరిన చోట మచ్చ ఇంకా మాయలేదు.

"అది నీకక్కర్లేదప్పా" అన్నాడు.

భారతీదేవి మర్చిపోతానేమోనని, బస్సు వేళయ్యేదాకా ఆ ఐదు వేళ్ళే మళ్ళీ మళ్ళీ పట్టుకుని చూసుకుంది.