వెనక గీత

వెతకనీ, విసుగొస్తే ప్యాంటు వేసుకుని పోతుంది, కొంపలేం మునగవు అనుకుంటూ ప్రమీల ఉప్మా పోపులో ఆవాలు రెండోసారి వేసి నాలిక కరుచుకుంది, పక్క గదిలో కోడలు అపూర్వ బీరువా తలుపులు తీస్తోంది, మూస్తోంది, అత్తయ్యా, బాల్కనీలో ఆరేసిన నా స్టాకింగ్స్ చూశారా, వెనకాల నల్ల గీత ఉంటుందే, అవి, ఆ హోటలువాళ్ళు అవే తొడుక్కుని రమ్మన్నారండీ, పెళ్ళయ్యాక ఇదే మొదటి ఇంటర్వ్యూ, చూడలేదమ్మా, గాలికి కిందపడ్డాయేమో అంది ప్రమీల, ఎంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం, పొద్దున్నే తీగ మీంచి లాగి తన పట్టుచీరల మడతల్లో కుక్కింది తానే, ఎదుటి ఫ్లాటు సత్యప్రసాద్ గారు కాఫీ పట్టుకుని బాల్కనీలోకి వస్తారు, అలాంటివి చీర కింద ఆరేసుకోవాలని ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదా.

చెప్పకపోవడమే మంచిదైందేమో, తనకి చెప్పనివాళ్ళెవరు, పాతికేళ్ళప్పుడు ఈ గల్ఫ్ ఊళ్ళోనే, మనామాలో హోటలు రిసెప్షన్‌లో డ్యూటీ, యూనిఫాం కింద సరిగ్గా ఇలాంటి మేజోళ్ళే, మోకాలి వెనకనుంచి మడమ దాకా సన్నగా గీత, ఎప్పుడో పోయాయనుకున్నవి చడీచప్పుడు లేకుండా ఇప్పుడు ఇక్కడి సనాబిస్ పేట షాపుల అద్దాల వెనక మళ్ళీ వచ్చి కూర్చున్నాయి, అప్పట్లో హోటల్లోనే తొడుక్కుని, హోటల్లోనే విప్పి, సంచి అడుక్కి తోసి, అలా ఏడాది నెట్టుకొచ్చింది, ఒకరోజు మరిచిపోయి అలాగే ఇంటికొచ్చి లిఫ్టెక్కింది, మనవాళ్ళావిడెవరో చూసింది, అంతే, మొగుడు భానుమూర్తి అరవను కూడా లేదు, అన్నం కలుపుకుంటూనే, నలుగురూ నవ్వుతున్నారు ప్రమీలా, మానెయ్యి ఆ ఉద్యోగం అన్నాడు, మానేసింది, అంత సులువుగా మానేసినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, మొగుడి మీదా, తన మీదా.

మరి ఈ పిల్లేం చేసింది, సత్యప్రసాద్ గారికి భయపడా తాను వాటిని దాచింది, పాపం ఆయన ఫోన్లోంచి తలే ఎత్తడు, కాదు, నిన్న అపూర్వ ఏదో కూనిరాగం తీస్తూ, ఎవరైనా చూస్తారేమోనన్న ధ్యాసే లేకుండా వాటికి క్లిప్పులు పెడుతుంటే చూసి ఓర్వలేకపోయింది, అసూయ, సొంత కోడలి మీద, ఛీ, ఎంత దిగజారిపోయాను అనుకుంటూ స్టవ్ కట్టేసి, పట్టుచీరలన్నీ మంచం మీదికి లాగేసి, ఇదిగోనమ్మా, దాచింది నేనే, అనేసింది.

అపూర్వ తెల్లబోయి చూసింది, ఎందుకత్తయ్యా అంది, జవాబు కోసం ఆగే టైము లేక గబగబా తొడుక్కుని వెనక్కి తిరిగింది, గీత తిన్నగా ఉందా, నాకు కనబడటం లేదు, కాస్త చూసి చెప్పండి, ప్రమీల మోకాళ్ళు పట్టుకుని కింద కూర్చుంది, ఎడమ కాలి గీత పక్కకి పోయింది, వేళ్ళతో మెల్లగా జరిపింది, తానైతే ఆ రోజుల్లో హోటలు బాత్రూములో అద్దానికి వీపు పెట్టి మెడ నొప్పెట్టేలా తిరిగినా మడమ దాకా కనిపించేది కాదు, అప్పుడు తనకి లేకపోయింది ధైర్యం కాదు, ఇలా వెనక కూర్చుని, బాగుంది, వెళ్ళిరా అనే ఒక్క మనిషి, ఆ మాట అనవలసినది ఇప్పుడు తానే.