మూడు మంచాల జాగా

మొదట నా చేతిలో ఉన్నవేమిటో చెబుతాను. హైదరాబాద్ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నాన్న వదిలివెళ్ళిన మ్యాచింగ్ సెంటర్. చీరకు జాకెట్టు గుడ్డ జత చేసే కన్ను. ఒక పాత పియానో. దాన్ని వాయించడం వచ్చిన రెండు చేతులు. వీటితోనే నేను అశోక్ నగర్‌లో అత్తగారింటికి వచ్చాను.

దుకాణంలో నాన్న నేర్పిన మొదటి పాఠం, ట్యూబ్‌లైటు కింద రంగును నమ్మొద్దని. చీరనూ గుడ్డనూ పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళి ఎండలో చూడాలి. లోపల చక్కగా కలిసిపోయిన రెండు రంగులు బయటికి తెస్తే ఒకదాన్నొకటి ఎరగనట్టు నిలబడతాయి. కొనేవాళ్ళకు ఓపిక లేకపోయినా నేను మాత్రం "బయటికి తీసుకెళ్ళి చూసుకోండి" అనే చెబుతాను. అందుకే ఒకసారి వచ్చినవాళ్ళు పక్క దుకాణానికి పోరు. ఆ పాఠంతోనే తర్వాత చాలా వాటిని కొలిచాను, మనుషుల మాటలతో సహా.

పియానో సంగతి వేరు. అది నారాయణగూడలో విక్టర్ సార్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్ హోటళ్ళలో జాజ్ బ్యాండ్లతో వాయించేవారట. హోటళ్ళలో బ్యాండ్లు పోయాక పిల్లలకు పరీక్షల పాఠాలు చెప్పి బతికారు. నా పరీక్షలన్నీ అయిపోయాక ఒకరోజు పుస్తకం మూసేసి, ఎడమ చేత్తో ఆగకుండా సాగే ఒక నడక మొదలుపెట్టి, నీకు తోచింది కుడి చేత్తో చెప్పు అన్నారు. నాకు తోచింది ఏమిటని అడిగిన మొదటి మనిషి ఆయనే. జాజ్ అంటే ఏమిటని ఎవరన్నా అడిగితే ఇప్పటికీ ఆ మాటే చెబుతాను. బాణీ ఒకటే ఉంటుంది, తిరిగి వచ్చిన ప్రతిసారీ దాన్ని నీకు తోచినట్టు చెప్పాలి. బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ఆయన పియానోను నాకిచ్చారు. ఒక్కటే షరతు. దాని మీద సామాన్లు పెట్టొద్దు.

ఆ షరతు పెళ్ళయిన కొత్తలోనే తప్పింది. వీధి వైపు గదిలో పియానో దిగగానే ఇంట్లోవాళ్ళకు అదొక వెడల్పాటి అరలా కనబడింది. మొదట పెళ్ళి పత్రికలు వచ్చి చేరాయి. తర్వాత ఇస్త్రీ బట్టలు, కరెంటు బిల్లులు, అత్తమ్మ పప్పు డబ్బా. వాయించాలంటే ముందు అన్నీ దింపాలి, అయ్యాక మళ్ళీ ఎక్కించాలి. అన్నం ఉడికేలోపు, దుకాణానికి బయల్దేరేలోపు దొరికే ఆ కాసింత సమయంలో సగం దింపడానికీ ఎక్కించడానికే పోయేది.

నా భర్త ఉదయ్ కుమార్ సర్కారు ఆఫీసులో పనిచేస్తాడు. మంచివాడని అందరూ అంటారు. తాగడు, కొట్టడు, గొంతు పెంచడు. గుడ్డ చిరగలేదు కాబట్టి రంగు కుదిరినట్టే అనుకునే లెక్క అది. నేను పియానో ముందు కూర్చున్నాక ఆయనకు తువ్వాలు కనబడదు, నీళ్ళు కావాల్సి వస్తాయి, టీవీలో వార్తలు వినబడవు. "జర ఆపు నళినీ, మస్తు లొల్లిగుంది" అంటాడు, అదీ నవ్వుతూనే. దుకాణం నేనే నడుపుతున్నా, బంధువులకు మాత్రం మా ఆవిడ టైంపాస్‌కు దుకాణంలో కూర్చుంటుందని చెబుతాడు. నేను దుకాణం మూసుకుని వచ్చేసరికి ఆయన సోఫాలో ఉంటాడు. అలసిపోయింది ఆయనే. నాది టైంపాస్ కదా.

నా బాణీలన్నీ ఆ పిలుపుల మధ్య సందుల్లోనే పుట్టాయి. వాయిస్తూ ఉండగా పిలుపు వస్తుంది. కుడి చేయి లేచి వంటింట్లోకి పోతుంది, గ్లాసు అందిస్తుంది, స్టవ్ తగ్గిస్తుంది. ఎడమ చేతి నడక మాత్రం లోపల ఆగదు. ఉల్లిపాయ తరుగుతున్నా, దుకాణంలో గుడ్డ చింపుతున్నా అది నడుస్తూనే ఉంటుంది. తిరిగి వచ్చి కూర్చునేసరికి ఆగిన చోటు దాటిపోయి ఉంటుంది కాబట్టి కొత్త మాటతో అందుకోవాల్సి వచ్చేది. ఏళ్ళు గడిచాక గమనించాను. ఎవరూ పిలవకపోయినా నా కుడి చేయి అదే చోట లేచిపోతోంది. మొదట్లో దాన్ని జబ్బు అనుకున్నాను. తర్వాత ఆ ఖాళీని బాణీలోనే కలిపేసుకున్నాను. ఇంట్లో దొరికిన సరుకుతోనే కదా ఎవరైనా వ్యాపారం చేసేది.

ఇట్లా ఉండగా సర్కారు కొలువులకు గ్రూప్స్ నోటిఫికేషన్ పడింది. అశోక్ నగర్‌లో నోటిఫికేషన్ పడిందంటే ఊళ్ళో పండగ లాంటిది. కోచింగ్ కోసం జిల్లాల నుంచి పిల్లలు పెట్టెలతో దిగారు. జిరాక్స్ దుకాణాల ముందు, చాయ్ బండ్ల ముందు నిలబడే చోటు లేదు. మా వీధిలో ఒక్కో ఇల్లూ హాస్టల్ అయిపోతోంది. ఒకరోజు నేను దుకాణం నుంచి వచ్చేసరికి హాస్టళ్ళు నడిపే తరుణ్ అనే కుర్రాడు మా వీధి గదిలో టేపు పెట్టి కొలుస్తున్నాడు. ఉదయ్ నా వైపు చూడకుండానే చెప్పాడు.

"పియానో తీస్తే మూడు మంచాలు పడతయి. నీ పియానో ఏమన్న కిరాయి కడతదా?"

అత్తమ్మ తోటకూర ఒలుస్తూ కూర్చుంది. మూడు నెలల్లో వచ్చే పండగ కాగానే మంచాలు దింపుతామని తరుణ్ చెప్పి వెళ్ళాడు.

నేను వాదించలేదు. ఎవరూ చూడని సరుకు గురించి ఎంత వాదించినా లాభం ఉండదు. ముందు దాన్ని ఎండలోకి తేవాలి. పియానో పోయేలోపు నా బాణీలను రికార్డు చేయించాలని ఆ రాత్రే అనుకున్నాను. రాంనగర్‌లో పవన్‌కుమార్ అని ఒకతను భక్తి పాటలు, బోనాల పాటలు రికార్డు చేస్తాడు. అతని దగ్గర కీబోర్డు తప్ప పియానో లేదు. నాకు నా పియానోనే కావాలి. అందుకని మైకులు మా ఇంటికే తెమ్మన్నాను. ఉదయ్ ఆఫీసులో ఉండే వేళ, దుకాణం షట్టరు దించి వచ్చాను. పట్టపగలు బేరం వదులుకోవడం నాకదే మొదలు.

పవన్‌కుమార్ మొదటి బాణీ అంతా విని, "అక్కా, ఇందుల పాట ఎప్పుడొస్తది?" అని అడిగాడు. పాట ఇదేనన్నాను. మరి పాడేవాళ్ళెవరని అడిగాడు. ఎవరూ లేరన్నాను. పాపం, నామీద జాలిపడ్డట్టే చూశాడు. రెండో బాణీ అయ్యాక తన ఫోను ఆపేసి పక్కన పెట్టాడు. ఆఖరిది అయ్యాక చెవులకు పెట్టుకున్నవి తీసి, ఇంకోసారి వాయించమన్నాడు. తప్పు పోయిందా అని అడిగాను. "తప్పేం పోలే అక్కా. నాకోసం," అన్నాడు.

ఆ రోజు ఇంకోటి జరిగింది. అత్తమ్మ ఈల వేసే కుక్కర్ పెట్టలేదు. అన్నం గిన్నెలో వండి గంజి వార్చింది. తర్వాత కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గర కూర్చుంది, కూరగాయల బండివాణ్ణి చేత్తోనే పొమ్మంది. అయినా పక్క మేడ మీద ఎవరో కుర్రాడు రాజ్యాంగం ఆర్టికల్స్ బట్టీ పట్టే గొంతు ఒకచోట రికార్డులోకి వచ్చింది. ఉండనీ అన్నాను. మా వీధికి అది శ్రుతి లాంటిది.

రికార్డుకు "బయటి వెలుతురు" అని పేరు పెట్టాను. పవన్‌కుమార్ దాన్ని నెట్‌లో పెట్టాడు, తనకు తెలిసినవాళ్ళకు పంపాడు, వాళ్ళు ఇంకెవరికో పంపారు. కొన్నాళ్ళు ఏమీ లేదు. తర్వాత దాని గురించి రాతలు రావడం మొదలైంది. నేను ప్రతిదాన్నీ దుకాణం మెట్ల మీద నిలబడి చదివాను. ఒక వెబ్‌సైటు అతను, హైదరాబాద్ గృహిణి వంట చేసుకుంటూ జాజ్ వాయించడం అద్భుతమని రాశాడు. చదవగానే కడుపు నిండింది. కాసేపు ఆగి చూస్తే అందులో వంట ఉంది, గృహిణి ఉంది, పియానో లేదు. అది ట్యూబ్‌లైటు రంగు. పక్కన పెట్టేశాను. ముంబయి పత్రిక ఒకటి, మగవాళ్ళ చేతిలో ఉండే బలం ఈమె ఎడమ చేతిలో ఉందని మెచ్చుకుంది. అదీ పక్కకు పోయింది. నా చేయి నాదే, ఎవరి దగ్గరా అరువు తేలేదు.

మూడోది వేదవతి గారు రాసింది. ఆవిడ నలభై ఏళ్ళుగా ఇంగ్లీషు పేపర్లో పాశ్చాత్య సంగీతం మీద రాస్తున్నారు. ఊరికే మెచ్చుకోరని పేరు. మూడో బాణీ సాగదీశానని మొదటి పేరాలోనే రాశారు. నిజమే, సాగదీశాను. అక్కడ ఆవిడ మీద నాకు గురి కుదిరింది. తర్వాత రాసింది ఇది: "ఈమె వాయించిన స్వరాలు గొప్పవి. వాయించకుండా వదిలినవి ఇంకా గొప్పవి. ఆ ఖాళీ ఏ గురువూ నేర్పగా నేను వినలేదు. ఈ దేశంలో ఇవాళ ఇలాంటి చేయి మరొకటి లేదు." ఎండలో మళ్ళీ మళ్ళీ చదివాను. రంగు మారలేదు. చీర పట్టుకుని నిలబడ్డ ఒకావిడ, ఏమైందమ్మా, ఏడుస్తున్నావేంది అని అడిగింది. దుమ్ము పడిందన్నాను.

ఉదయ్ ఆ రాతలన్నీ ఆఫీసు గ్రూపులో పెట్టాడు. ఎంకరేజ్ చేసింది నేనే అని కింద రాశాడు. ఇక మంచాల మాట పోయినట్టే అనుకున్నాను. భోజనాల దగ్గర ఆయన చెప్పింది వేరు.

"పేరొచ్చింది గద, ఇప్పుడు పియానోకు మంచి రేటొస్తది. పేపర్ల పడ్డ పియానో అని చెప్పి అమ్ముదాం."

కోపం రావాల్సింది. దానికంటే ముందు వ్యాపారికి వచ్చే నవ్వు వచ్చింది. మగ్గం మీద గుడ్డ బాగా వచ్చిందని మగ్గాన్ని అమ్మేవాణ్ణి నేనంతవరకు చూడలేదు. ఇన్నేళ్ళూ ఈయన లెక్కలకు భయపడ్డానా అనిపించింది.

వేదవతి గారు నాతో మాట్లాడటానికి వస్తానని కబురు చేశారు. ఉదయ్ సెలవు పెట్టాడు. ఫొటోలో బాగుండదని పియానో మీది సామాన్లన్నీ తనే దింపాడు. ఆ పని ఆయన చేయగా చూడటం అదే మొదటిసారి. ఎంత తొందరగా అయిపోయిందో. ఆవిడ వచ్చారు, నెరిసిన జుట్టు, నూలు చీర, చేతిలో చిన్న సంచి. అడిగినవన్నీ నన్నే అడిగారు, జవాబులన్నీ ఉదయ్ చెప్పాడు. ఎప్పటి నుంచి వాయిస్తున్నానో, ఎంత ఇష్టమో, తను ఎంత సహకరించాడో. ఆవిడ ఓపికగా విని, కుర్చీని నా వైపు తిప్పుకున్నారు.

"నళిని గారూ, మీ రెండో బాణీలో కుడి చేయి ఉన్నట్టుండి వెళ్ళిపోతుంది. ఎడమ చేయి నడుస్తూనే ఉంటుంది. తిరిగొచ్చేసరికి మాట మారిపోతుంది. నేను రాసింది ఆ ఖాళీ గురించే. అది ఎక్కడ నేర్చుకున్నారండీ?"

నాకు తోచింది అడిగిన రెండో మనిషి. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.

"నళినీ, మేడంకు జర టీ పట్టుకరాపో," అన్నాడు ఉదయ్.

నా మోకాళ్ళు లేవడం మొదలుపెట్టాయి. నన్ను అడగకుండానే. ఇన్నేళ్ళ అలవాటు అది. సగం లేచినదాన్ని ఆగాను. ఇప్పుడు లేస్తే ఏమవుతుందో లెక్క తేలికే. టీ అవుతుంది, ఫొటో అవుతుంది, పండగ అవుతుంది, మంచాలు దిగుతాయి. బేరంలో ఒక ఘడియ ఉంటుంది, అవతలివాడికి నీ సరుకు అవసరమని తేలిపోయే ఘడియ. అది చేజారితే మళ్ళీ రాదు. నేను కూర్చున్నాను.

"ఇప్పుడు విన్నరు గద మేడం," అన్నాను. "అక్కడ్నే నేర్చుకున్న."

ఆవిడ రాసుకుంటున్న కలం ఆపి ఉదయ్‌ని చూశారు, పియానోను చూశారు. ఆవిడకు అంతా అర్థమైందని ఉదయ్‌కి అర్థమైంది. ఎవరో ఒకరు లేవాలి. నేను లేవలేదు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అత్తమ్మ గొంతు వినబడింది.

"ఉదయ్, చక్కెర డబ్బా పై అరల ఉంటది."

ఆయన లేచాడు. ఫోను పియానో మీదే మర్చిపోయి వంటింట్లోకి పోయాడు. కాసేపటికి అది మోగింది. తరుణ్. నేనే ఎత్తాను. అన్నా, మంచాలు వచ్చినయి, జాగా ఖాళీ చేసిండ్రా అని అడుగుతున్నాడు.

"తరుణ్, నేను నళినిని. ఆ జాగా ఖాళీ లేదు. అండ్ల మనిషి ఉంటది," అని పెట్టేశాను.

తర్వాత వేదవతి గారి కోసం రెండో బాణీ వాయించాను. వంటింట్లో గిన్నె కింద పడింది, ఏదో పొంగింది. అత్తమ్మ ఏదో చెబుతోంది, ఆయన సరే సరే అంటున్నాడు. నేను ఆగలేదు. టీ వచ్చింది. చక్కెర ఎక్కువైంది. తాగాను.

ఇక ఆఖరి లెక్క. పోయింది ఒక మధ్యాహ్నపు బేరం, మంచి కోడలన్న పేరులో కొంత. వేదవతి గారు రాసినదాన్ని పటం కట్టించి దుకాణంలో పెట్టమని పవన్‌కుమార్ అంటాడు. ఎండలో నిలిచిన రంగును ట్యూబ్‌లైటు కింద వేలాడదీయడం దేనికి? అది నా దగ్గర ఉంది, చాలు. రెండో రికార్డుకు బాణీలు సిద్ధమవుతున్నాయి. మూడోది ఈసారి సాగదీయను. దింపిన సామాన్లు మళ్ళీ పియానో ఎక్కలేదు. పప్పు డబ్బాకు అత్తమ్మే వంటింట్లో చోటు చూసింది. గది తలుపుకు లోపలి వైపు గడియ పెట్టించాను. మూడు మంచాల జాగాలో నేనొక్కదాన్నే కూర్చుంటాను. నా బాణీల్లో ఖాళీలు ఇప్పటికీ ఉన్నాయి. అవి ఎక్కడ పడాలో ఇప్పుడు నేను చెబుతాను.