వెనక పేజీలో ముప్పై ఆరు

రేపు నాకు పదో తరగతి పరీక్ష. ముప్పై దాటాక రాస్తున్నాను, ఎవరికైనా అభ్యంతరమా? కుట్టుమిషను పక్కకు జరిపి, గుడ్డముక్కల మధ్య పుస్తకం తెరిచాను. ఆడపడుచు అర్ధమొగుడంటారు, కాలేజీలో చదివే మా ఆడపడుచు మాత్రం పూర్తి హెడ్మాస్టరు.

“ఈ ఒక్క లెక్క రాకపోతే రేపు వెళ్ళను. బతిమాలినా వెళ్ళను,” అని ముందే చెప్పేశాను.

నాలుగు గ్రాముల హైడ్రోజన్, పదహారు గ్రాముల ఆక్సిజన్ కలిస్తే నీళ్ళు ఎన్ని గ్రాములు?

“తొందరపడకు వదినా. ముందు గ్రాముల్ని మోల్స్‌లోకి మార్చు. మోల్ అంటే డజను లాంటి లెక్కే.”

హైడ్రోజన్ రెండు గ్రాములైతే ఒక మోల్. కాబట్టి నాలుగు గ్రాములు రెండు మోల్స్. ఆక్సిజన్ ఒక మోల్‌కి ముప్పై రెండు గ్రాములు కావాలి. ఉన్నది అర మోలే. రెండు మోల్స్ హైడ్రోజన్‌కి ఒక మోల్ ఆక్సిజన్ కావాలి గనక, అర మోల్‌తో ఒక్క మోల్ హైడ్రోజనే ఖర్చవుతుంది.

“కాలర్లు అయిపోతే గుడ్డ ఎంతున్నా చొక్కాలు ఆగిపోతాయి. అంతేగా?” అన్నాను.

“అబ్బో, పంతులమ్మగారు,” అని వెక్కిరించింది.

ఒక మోల్ నీళ్ళు. పద్దెనిమిది గ్రాములు. పుస్తకం వెనక జవాబుల పేజీ తిప్పాను. ముప్పై ఆరు అని ఉంది.

ప్రాణం ఉసూరుమంది. “నా బుర్రలో ఉన్నది మట్టే,” అని పుస్తకం మూసేశాను.

ఆ పిల్ల నా అంకెలు మళ్ళీ చూసింది. “ఎక్కడో తప్పుంటుంది వదినా. పుస్తకం అబద్ధం చెప్తుందా?”

ఆ మాటకి ఒళ్ళు మండింది. ఏం, ఎందుకు చెప్పదు? కోపంతోనే అంకెలు కలిపి చూశాను. నాలుగూ పదహారూ ఇరవై.

“ఏమే, రెండు మీటర్ల గుడ్డిచ్చి నాలుగు మీటర్ల పరదా కుట్టమంటే కుడతావా?”

“అదెలా కుదురుతుంది?”

“మరి లోపలికి ఇరవై గ్రాములు వెళ్తే, బయటికి ముప్పై ఆరు ఎలా వస్తాయి? మిగతా పదహారూ వాళ్ళ తాత పోశాడా?”

ఆ పిల్ల పెన్ను లాక్కుని గబగబా లెక్క వేసింది. నీళ్ళు పద్దెనిమిది, మిగిలిన హైడ్రోజన్ రెండు, మొత్తం ఇరవై.

“ఆక్సిజన్ వంక చూడనే లేదు వదినా వాళ్ళు. హైడ్రోజన్ ఒక్కదానితో కట్టేశారు. నేనూ నమ్మేశాను.”

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు జవాబు కలవనప్పుడల్లా నాది చెరిపేసుకున్నాను, చివరికి బడే మానేశాను. వాటిలో ఎన్ని సరైనవో ఇప్పుడెవరు చెప్తారు?

ముప్పై ఆరును పెన్నుతో కొట్టేసి పక్కన పద్దెనిమిది రాశాను.

“వదినా, అది లైబ్రరీ పుస్తకం.”

“ఉండనీవే. నా తర్వాత చదివే పిల్ల తన జవాబు చెరుపుకోదు,” అన్నాను. “రేపు పొద్దున్నే నన్ను లేపు.”