తిన్నారండి

వెంకటప్పయ్య గారిని ఎడమ పక్కకు తిప్పి వీపు మీద పౌడరు అద్దుతుండగా వంటింట్లో మిషను కూత పెట్టింది. నాగవేణి చెయ్యి ఆపలేదు. ఆ కూత ఆమె కోసం కాదు, ఆ ఇంటి ఛాయాదేవి మేడం కోసం. ఈ ఫ్లాటులో నాగవేణి ముట్టుకోకూడని వస్తువు ఆ బ్రెడ్డు మిషను ఒక్కటే.

వీపు ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. నడుం కింద ఎర్రబడిన చోట మందు రాసి, దుప్పటి ముడతలు లాగి, ఆయన్ని మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టింది. ఎనభై దాటిన మనిషి. మొన్నమొన్నటిదాకా కంకిపాడులో సైకిలెక్కి పొలానికి వెళ్లినవాడు. బాత్రూంలో జారి తుంటి విరిగాక విజయవాడలో కూతురి దగ్గరికి తెచ్చారు. పగలు చూసుకోవడానికి ఏజెన్సీవాళ్లు నాగవేణిని పంపారు.

"కూతొచ్చిందా?" అన్నారాయన కళ్లు తెరవకుండానే.

"వచ్చిందండి."

"ఇయ్యాల ఇటికా, దిండా?"

నాగవేణి నవ్వు ఆపుకుంది. వంటింట్లోకి వినపడుతుంది మరి.

అన్నం మింగుడు పడటంలేదంటే డాక్టరు మెత్తగా ఏమైనా పెట్టమన్నాడు. షాపులో కొన్న బ్రెడ్డు ఈయన ముట్టడు. ఆయన దృష్టిలో బ్రెడ్డు అంటే జ్వరం. ఆసుపత్రికి పరామర్శకు వెళ్లేవాళ్లు చేత్తో పట్టుకెళ్లే సరుకు. "నేనేమన్నా వార్డులో ఉన్నానా?" అని ఆ రోజు ప్లేటు తోసేశారు. ఇంట్లో చేస్తే ఆ చెడ్డపేరు పోతుందనుకుని ఛాయాదేవి ఆన్‌లైన్లో మిషను తెప్పించింది.

బ్యాంకులో జనానికి లోన్లు ఇచ్చే మనిషికి మిషను మాత్రం లొంగలేదు. మొదటిది పొంగలేదు. తర్వాతది పొంగి మూతకు తగిలి, నడుమ గుంటపడింది. అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసే అలవాటు ఊరుకోదు కదా. కాలడం మొదలయ్యాక కూడా మూత తీసి తొంగిచూసేది. అది చిన్నబుచ్చుకున్నట్టు కూలిపోయేది. వీడియోలు చూసి, మూత జోలికి వెళ్లడం మానేసింది. పిండిని కప్పుతో కాకుండా కాటాతో తూచడం మొదలుపెట్టింది. ఉప్పును ఒక మూల, ఈస్టును ఇంకో మూల వేసింది. అయినా పుల్లటి వాసన, పెద్దపెద్ద చిల్లులు. చివరికి నిన్న రాత్రి తట్టిందట. బెజవాడలో మే నెలంటే కుళాయి నీళ్లే వేణ్ణీళ్లు, పిండి తొందరపడి పొంగి అలిసిపోతోంది. ఇవాళ తెల్లవారుజామున లేచి ఫ్రిజ్ నీళ్లు పోసింది.

"నాన్నా, చూడు!"

బ్రెడ్డును తువ్వాలులో పట్టుకొచ్చింది, పురిటిగదిలోంచి బిడ్డను తెచ్చి చూపించినట్టు. బంగారు రంగులో, పైన గుండ్రంగా పొంగి ఉంది. గదిలో మందుల వాసన కాసేపు ఎటో పోయింది.

"బానే పొంగిందే," అన్నారాయన.

"నాగవేణీ, చల్లారేదాకా కొయ్యమాకు. పదకొండింటికి రెండు ముక్కలు, పాలల్లో ముంచి పెట్టు. నేను ఫోన్ చేస్తా." హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంటూ తండ్రివైపు తిరిగింది. "తినాలి నాన్నా. తింటున్నావు కాబట్టి నేను డాక్టరు గారికి వద్దని చెప్తున్నా. తినకపోతే ముక్కులోంచి పైపు వేయించాల్సిందే."

ఆయన కళ్లు మూసుకున్నారు. తలుపు పడింది.

పైపు సంగతి ఆయనకు తెలుసు. భార్య వెంకటరత్నమ్మకు ఆఖరి నెలంతా పైపే. పీకేసుకుంటుందని రెండు చేతులూ మంచం కమ్మీలకు గుడ్డతో కట్టారు. ఈయన పక్కన స్టూలు మీద కూర్చుని, కట్టిన ఆ చెయ్యి పట్టుకునేవాడట. అందుకే ఇటికరాయి లాంటి ఆ మొదటి బ్రెడ్డు రోజున నాగవేణి మణికట్టు పట్టుకున్నారు. అంత బలం ఇంకా ఆ చేతిలో ఉందని ఆమె అనుకోలేదు.

"అమ్మాయ్, తిన్నానని చెప్పు. ఇది నువ్వు తీసుకుపో."

"అట్టాగేనండి," అంది నాగవేణి.

చెప్పడం ఆమెకు కష్టం కాలేదు. తిన్నావా అని ఎవరైనా అడిగితే అయిందండీ అనాలి, పొయ్యి వెలిగినా వెలగకపోయినా. మంగళగిరిలో మొగుడు పోయి, మగ్గం అమ్మేసిన రోజుల్లో గుమ్మం ముందు నుంచి వెళ్లే ప్రతి మనిషీ అదే అడిగేవాడు. ప్రతి మనిషికీ అదే జవాబు చెప్పింది. అది అబద్ధమని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా. ఆ నాలుకకే ఇప్పుడు ఇంకో ఉద్యోగం దొరికింది.

రోజూ బ్రెడ్డు ముక్కలు ఆమె సంచిలో వారధి దాటి మంగళగిరి వెళుతున్నాయి. పళ్లు లేని అత్త చౌడేశ్వరమ్మ టీలో ముంచుకుని తింటోంది. ఇటికలైనా వదల్లేదు, ఇంకాసేపు నానబెట్టింది. ముసలావిడ బుగ్గలు నిండుతున్నాయి. ఇక్కడేమో ఎముకలు తేలుతున్నాయి. ఈ రెండింటినీ నాగవేణి పక్కపక్కన పెట్టి చూడదు. బస్సులో ఆ ఆలోచన వస్తే కిటికీలోంచి కృష్ణలోకి చూస్తుంది. వేసవి కదా, అక్కడా ఇసకే కనిపిస్తుంది.

పదకొండింటికి బ్రెడ్డును ఒక చివర నుంచి కోసింది. కత్తి మెత్తగా దిగింది. పాలు వెచ్చబెట్టి తెచ్చేసరికి ఆయన కళ్లు తెరిచి, ప్లేటువైపే చూస్తున్నారు.

"ఆవకాయుందా?"

"మేడం చంపేస్తారండి నన్ను."

"పై అరలో జాడీ ఉంటది. ముక్కొద్దు. ఊట చాలు."

"డాక్టరు గారు ఉప్పూ కారం వద్దన్నారు కదండీ, తాతగారూ."

"ఆయన్ని తినొద్దనులే."

నాగవేణి వంటింట్లో జాడీ ముందు కొంతసేపు నిలబడింది. తర్వాత స్పూను ముంచింది. ఎర్రటి ఊటను ముక్క మీద పలచగా రాసి, మంచం తలవైపు పైకి లేపి, చిటికెడంత తుంచి నోట్లో పెట్టింది. ఆయన నమిలారు. దవడ మెల్లగా, పాత చక్రంలా తిరిగింది. మింగారు. గొంతు ముడి పైకి లేచి కిందికి దిగడం నాగవేణి కళ్లారా చూసింది.

"ఇప్పుడు తిండిలా ఉంది," అన్నారు.

ముక్క మొత్తం తిన్నారు. రెండోదాంట్లో సగం తిన్నారు. కళ్లలో నీళ్లు తిరిగితే, "కారం గట్టిగానే ఏసింది మా అమ్మాయి ఈసారి," అని వేలు చప్పరించారు.

"బ్రెడ్డు బాగా కుదిరిందని చెప్పనాండీ మేడంకి?"

"చెప్పు. ఆవకాయ సంగతి చెప్పమాక."

ఫోను మోగింది.

"తిన్నారా?"

"తిన్నారండి."

ఇవాళ నిజంగానే తిన్నారండి అని చేర్చాలనిపించింది. ఆ ఒక్క మాట చేరిస్తే వెనకటి రోజులన్నీ ఊడి కిందపడతాయి. నిజం కూడా రోజూ చెప్పే అబద్ధం గొంతుతోనే బయటికొచ్చింది. అవతల ఛాయాదేవికి తేడా తెలియలేదు.

"చూశావా, అంతా ఫ్రిజ్ నీళ్ల మహిమ! రేపు రాగిపిండి కలిపి చేస్తా."

ఆయన నిద్రలోకి జారుకున్నారు. నాగవేణి ప్లేటు కడిగింది, జాడీ తుడిచి పైన పెట్టింది, తన క్యారేజీ విప్పుకుని తింది. మధ్యాహ్నం ఆయన్ని పక్కకు తిప్పే వేళకు వచ్చి భుజం కింద చెయ్యి పెట్టింది. ఎప్పుడూ ఆ భుజం తన వంతు కాస్త సాయం చేసేది. ఇవాళ చెయ్యలేదు.

చెయ్యి తీసి ముక్కు దగ్గర పెట్టి చూసింది. తర్వాత గుడ్డ తడిపి తెచ్చి, పెదవి మూలన ఎర్రగా అంటిన నూనెను తుడిచింది. గడ్డం కూడా తుడిచింది. అప్పుడు ఫోన్ చేసింది.

సాయంత్రానికి హాలు నిండింది. వెంకటప్పయ్య గారి చెల్లెలు పద్మావతమ్మ కంకిపాడు నుంచి కారులో దిగి, ఏడ్చినంత ఏడ్చి, ముక్కు తుడుచుకుని అడగాల్సిందే అడిగింది.

"ఆఖరికేమన్నా తిన్నాడా తల్లీ?"

"తిన్నాడత్తా." ఛాయాదేవి గొంతులో ఎక్కడో ఒక ఊరట ఉంది. "రోజూ తిన్నాడు. నేను చేసిన బ్రెడ్డే. ఇవాళ కూడా. కావాలంటే నాగవేణిని అడుగు."

తలలన్నీ ఇటు తిరిగాయి.

"తిన్నారండి," అంది నాగవేణి.

"పైపు వేయిద్దామని డాక్టరు ఎన్నిసార్లన్నాడో! తింటున్నాడు కదా, అవసరం లేదని నేనే వద్దన్నా. మంచిపని చేశానా అత్తా?"

"మంచి పనే చేశావమ్మా. వదిన పడ్డ నరకం అన్నయ్య పడలేదు. కడుపు నిండా తిని పోయాడు, పుణ్యాత్ముడు."

ఛాయాదేవి మేనత్త ఒళ్లో తల పెట్టుకుంది. నాగవేణి కాళ్లు నొప్పెట్టేదాకా అక్కడే నిలబడింది. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆమె సంచి తీసుకుంటుంటే పద్మావతమ్మ వంటింట్లోంచి పిలిచింది. "అమ్మాయ్, చావింట్లో వండిన తిండి ఉంచకూడదు. ఇది పట్టుకుపో." మిగిలిన బ్రెడ్డును పేపర్లో చుట్టి చేతిలో పెట్టింది. "నీకేం పర్లేదులే. ఏజెన్సీవోళ్లు ఇంకో ఇల్లు చూపిత్తారు."

మంగళగిరి ఇంట్లో ఒకప్పటి మగ్గం గుంటను పూడ్చి, ఆ జాగాలో అత్త మంచం వేశారు. చౌడేశ్వరమ్మ టీ గ్లాసు పట్టుకుని రెడీగా కూర్చుంది.

"తెచ్చావా?"

నాగవేణి ఒక ముక్క కోసి ఇచ్చింది. చావింటి తిండి అంటే ఆవిడ ముట్టదు. రాత్రికి ఇంట్లో వేరే ఏమీ లేదు.

"అబ్బ! దూదిలా ఉందే ఇయ్యాల! నేర్చుకుందే మీ మేడం," అని ముసలావిడ ముంచుకుని తింది. ఇంకో ముక్కకు చెయ్యి చాపింది. "ఆ పెద్దాయన తిన్నాడా?"

"తిన్నారత్తయ్యా."

"తింటే అయ్యే సద్దుకుంటాయిలే. లేచి తిరుగుతాడు."

నాగవేణి ఇంకో ముక్క కోయబోయింది. కత్తి దేనికో తగిలి టంగుమంది. బ్రెడ్డు అడుగున, పిండి కలిపే రెక్క. ఛాయాదేవి రోజూ పుల్లతో దాన్ని పీకి మిషనులో పెట్టేది. ఇవాళ పొంగిన సంబరంలో మర్చిపోయినట్టుంది. అది లేకుండా మిషను తిరుగుతుంది, చప్పుడూ చేస్తుంది, కూత కూడా పెడుతుంది. లోపల పిండి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆమె దాన్ని వేళ్లతో లాగి, కడిగి, కిటికీలో పెట్టింది. బొటనవేలంత ఇనప రెక్క, నడిమి చిల్లులో కడిగినా పోని బ్రెడ్డు తునక ఒకటి ఎండిపోతూ.