పుచ్చు లేని నోరు

ఆవిరి పెట్టె మూత తీయగానే ఆవిడ కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకోలేదు. చూడకుండానే వేడి గాజు పళ్లేలు ఒక్కొక్కటీ తీసి గుడ్డమీద బోర్లించింది. దంతవైద్యశాల వెనక గదిలో ముప్పైనాలుగేళ్లుగా ఇదే పని. సబ్బునీళ్లకి వేళ్ల చివర్లు ఎప్పుడూ నానినట్టే ఉంటాయి. అక్కడ అందరూ పెద్దమ్మా అని పిలుస్తారు. ఇంట్లో పిలిచేవాళ్లు లేరు. పిల్లలు కలగలేదు. భర్తకి నలభై దాటకుండానే పళ్లన్నీ పుచ్చి ఊడిపోతే, ఆయన పోయేదాకా ప్రతి ముద్దా మెత్తగా పిసికి పెట్టింది.

“నా వాటా కూడా నువ్వే నమిలెయ్యవే” అనేవాడాయన. ఆవిడ నవ్వేది. నవ్వితే ముప్పైరెండూ కనిపించేవి.

ఆ నవ్వే రెండేళ్ల కిందట డాక్టరమ్మ కంట్లో పడింది. ఈ వయసులో ఒక్క పన్నూ పుచ్చకపోవడమేమిటని, పంటిమీది పాచి కాస్త గీకి పళ్లెంలో పెంచి చూసింది. పుచ్చు తెచ్చే క్రిముల్ని ఎదగనివ్వని మంచి క్రిమి ఒకటి ఆ నోట్లో కాపురముంటోందని తేలింది. ఎన్నో పరీక్షలయ్యాక, తల్లిదండ్రులు ఒప్పుకున్న పన్నెండుమంది పిల్లలకి పుచ్చులు బాగుచేసి, పళ్లకు దాన్ని పూశారు. అప్పటినుంచి ఆవిడకి ఒకటే బెంగ. తన నోటిది ఎవరి బిడ్డకైనా కీడు చేస్తే? మొదటి నెల అన్నం కూడా సయించలేదు.

ఆ పిల్లల్లో ఒక ఎనిమిదేళ్ల పాప ఉంది. నవ్వొస్తే అరచేత్తో నోరు కప్పుకుంటుంది. రెండ్రోజుల ముందు వచ్చి నోటి నమూనా ఇచ్చి వెళ్లింది. ఇవాళ ఆరునెలల పరీక్ష. ఆవిడ తడిచేతులతోనే గుమ్మంలో నిలబడింది. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి ఒక్కో పన్నూ చూస్తోంది.

“కొత్త పుచ్చు ఒక్కటీ లేదు పెద్దమ్మా. అంతకుముందు ఆర్నెల్లలో నాలుగొచ్చాయి. ఒక్క పాపని చూసి ఏమీ చెప్పలేమనుకో.”

ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

పాప కుర్చీలోంచి తల తిప్పి చూసింది. “నా నోట్లో నీ పురుగులున్నాయంటగా, అమ్మమ్మా?”

“పురుగులేంటే. కాపలావాళ్లు.”

“చీ.”

“చీ అంటే అలుగుతారు. పళ్లు తోమకపోతే అసలు మాట్లాడరు.”

పాప నవ్వింది. చెయ్యి నోటిదాకా లేవబోయి మళ్లీ ఒళ్లో వాలిపోయింది. ఆవిడ ఆ నవ్వు వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత గదిలోకొచ్చి, కడిగిన పళ్లేలే మళ్లీ కడిగింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ క్రిముల్ని పెంచే వెచ్చటి పెట్టెలోంచి పాప నమూనా పళ్లెం తీసింది. వెలుగుకెత్తి చూస్తే సన్నటి తెల్ల చుక్కలు. ఎవరివో గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు. పళ్లెం పట్టుకుని వెనక వరండాలోకి నడిచింది. పెద్దమ్మ ఎండలో, బల్లమీద, గోడకు తల ఆనించి కూర్చునుంది. చెప్పులు విడిచి పక్కపక్కనే పెట్టుకుంది.

“పెద్దమ్మా, మీవాళ్లు అక్కడే స్థిరపడ్డారు” అంది.

గోడకానిన తల కదల్లేదు. డాక్టరమ్మ పళ్లెం కింద పెట్టి, ముడతలుపడిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. మణికట్టు దగ్గర నాడి వెతికింది. అందలేదు. అయినా ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

అందరూ వచ్చి ఆవిడని లోపలికి తీసుకెళ్లాక, బల్లమీద సగం తిన్న జామకాయ ఒకటి మిగిలింది. దాని తెల్లటి కండమీద పళ్ల గుర్తులు, ఎక్కడా సందు లేకుండా, వరసగా ఉన్నాయి.