మహ్జూబా మణికట్టు మీద అల్లాల్ నాడి

మహ్జూబాకి నలభై మూడేళ్లు. సార్డిన్ చేపల ఫ్యాక్టరీనుంచి ఇంటికి రాగానే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటుంది, వాసన పోదని తెలిసినా.

సఫీ ఊళ్లో సైరన్ మోగిందంటే రేవుకి చేపలొచ్చాయని అర్థం. ఆడవాళ్లు తెల్ల టోపీలు పెట్టుకుని సందుల్లోంచి బయటపడతారు, గంటల తరబడి నిలబడి చేపల తలలు కోస్తారు. మహ్జూబా పద్దెనిమిదేళ్లుగా కోస్తోంది. ఆమె ఎడమ చేతికి నల్ల పట్టీ ఉంటుంది. జాలర్ల సంఘం వాటిని జతలుగా పంచింది: సముద్రం మీదికి వెళ్లే మొగుడికొకటి, ఒడ్డున ఉండే పెళ్లానికొకటి. అతని నాడి ఈమె మణికట్టు మీద కనిపిస్తుంది, ఈమెది అతని మణికట్టు మీద. అతను ఎటువైపు ఎన్ని అడుగులు నడిచాడో, ఎంతసేపు నిద్రపోయాడో అన్నీ అందులో తెలుస్తాయి. రెండుసార్లు నొక్కితే అవతలి పట్టీ వణుకుతుంది, ఇవతల ‘అందింది’ అని పడుతుంది.

ఆమె మొగుడు అల్లాల్ పడవ మునిగి మూడేళ్లయింది. పలకలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ముగ్గురి శవాలు దొరికాయి. అల్లాల్ దొరకలేదు, అతని నాడి ఆగలేదు. నిమిషానికి యాభై ఎనిమిది. నీళ్ల కింద రోజుకి పదకొండు వేల అడుగులు నడుస్తున్నాడు. ఈ సంగతి వీధి మొత్తానికీ మామూలే. రొట్టెల బట్టీ దగ్గర ఎవరో ఒకరు పలకరిస్తారు: “నిన్న మీ ఆయన తక్కువ నడిచినట్టున్నాడే? అలలు జోరుగా ఉన్నాయిలే.”

మొదటి ఏడాది మహ్జూబా ఆ పట్టీని చెంప కింద పెట్టుకుని పడుకుంది. రోజూ రెండుసార్లు నొక్కింది. రోజూ ‘అందింది’ అని పడింది. తిరుగు వణుకు ఒక్కనాడూ రాలేదు. అయినా నొక్కడం మానలేదు. మాట్లాడడానికి ఆ ఇంట్లో ఆమెకి వేరే ఎవరున్నారు గనక?

ఉన్నది అత్తగారు లల్లా తామూ. పొద్దున్నే వచ్చి కోడలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కొడుకు నాడిని వేలితో తడుముతూ కూర్చుంటుంది. చూసేవాళ్లకి ఎంత ఆప్యాయమో అనిపిస్తుంది. ఆ చెయ్యి ఎవరిదో ముసలావిడ ఎప్పుడూ తలెత్తి చూడలేదు. శుక్రవారం కుస్కుస్ అనే ఉడికించిన గోధుమరవ్వ పళ్లెం చుట్టూ ఇద్దరూ కూర్చుంటే, అల్లాల్ వైపు భాగం ఎవరూ ముట్టకూడదు. ఒకసారి మహ్జూబా చెంచా పొరపాటున అటు జరిగింది.

“వాడి ముద్ద కూడా నీకే కావాలా?” అంది లల్లా తామూ.

మొగుడు పోయిన ఆడది అక్కడ నాలుగు నెలల పదిరోజులు తెల్లబట్టలు కట్టుకుంటుంది. ఆ తర్వాత తన దారి తనది. మహ్జూబా తెల్ల జెల్లాబా, పాదాల దాకా ఉండే అంగీ, కుట్టించుకుని మూడేళ్లుగా పెట్టెలో దాచుకుంది. అత్తగారు కట్టనిస్తేగా!

ఆ వసంతంలో దక్షిణాన ఉన్న అగాదిర్ ఊరి చేపల ఫ్యాక్టరీనుంచి ఆమెకి కబురొచ్చింది. నలభైమంది ఆడవాళ్ల మీద మేస్త్రీ పని, ఉండడానికి గది. రెండు నెలల్లోగా చేరాలి.

“వెళ్లవే, ఏం చూస్తున్నావ్?” అంది పక్కన తలలు కోస్తున్న కెల్తూమ్.

“మొగుడు బతికుండగా ఇల్లు వదిలిందంటారక్కా.”

“మొగుడుంటే తోడుంటాడంటారు. నీ మొగుడు నీళ్లలో ఉన్నాడు, నువ్వు చేపల్లో ఉన్నావు. పోయి కోర్టులో అడుగు, చచ్చిపోయాడని రాసిమ్మను.”

మహ్జూబా అర్జీ పెట్టింది. లల్లా తామూ ఊరుకోలేదు. అక్కడి ఆనవాయితీ ప్రకారం పన్నెండుమంది మగాళ్లని సాక్ష్యానికి పోగుచేసింది. మూడేళ్లలో మహ్జూబా ఎలా ఉందని అడగడానికి గడప తొక్కనివాళ్లు, అల్లాల్ బతికున్నాడని చెప్పడానికి మాత్రం గడ్డాలు దువ్వుకుని వరసగా నిలబడ్డారు.

జడ్జి యాభై దాటిన ఆవిడ. కళ్లద్దాలు తీసి వాళ్లందరినీ చూసింది.

“అతని నాడిని పన్నెండుమందీ కళ్లారా చూశారా?”

“వల్లాహి, అల్లా మీద ఒట్టు, చూశాం.”

“నేనైతే ముట్టుకుని చూశాను,” అన్నాడు పుదీనా టీ అమ్మే ఆయన.

“పరాయి ఆడదాని చెయ్యా?”

“పట్టీని జడ్జి గారూ, పట్టీని!”

“నా కొడుకు నాడి కొట్టుకుంటోంది తల్లీ,” అంది లల్లా తామూ. “ఆ పిల్ల చేతిమీదే ఉంది. చూసి రాయి.”

జడ్జి చూసింది. యాభై ఎనిమిది. “ఇంతమంది ప్రమాణం చేశాక చనిపోయాడని నేను రాయలేనమ్మా,” అంది మహ్జూబాతో.

మహ్జూబా ఆ పన్నెండు మొహాలూ చూసింది. తర్వాత అన్న మాట ఆమె ఇంటి దగ్గర అనుకుని వచ్చింది కాదు.

“అయితే బతికున్నాడని రాసుకోండి.”

“రాశాను.”

“బతికున్న మొగుడు ఏడాదికి మించి ఇంటికి రాకపోతే, పెళ్లాం విడాకులు అడగొచ్చు కదండీ?”

“అడగొచ్చు.”

“అడుగుతున్నాను.”

సాక్షుల్లో గోల లేచింది. లల్లా తామూ కర్ర నేలకేసి కొట్టింది. “నీళ్ల కిందనుంచి ఎలా వస్తాడే, పాపిష్టిదానా?”

“రోజుకి పదకొండు వేల అడుగులు నడిచే కాళ్లున్నాయి, లల్లా. ఎటు నడిచాడో కూడా ఇందులో ఉంది. దక్షిణానికి నడిచాడు, పడమటికి నడిచాడు. మూడేళ్లలో ఇంటివైపు ఒక్క అడుగు వెయ్యలేదు.”

జడ్జి పట్టీ అడిగి తీసుకుంది. పాత రోజులు వెనక్కి జరుపుతూ పోయింది. అందింది. అందింది. అందింది. జరిపి జరిపి వేలు నొప్పెట్టి ఆపింది.

“ఇవన్నీ నువ్వు నొక్కినవేనా?”

“అవునండీ.”

“జవాబు?”

“రాలేదండీ.”

“తొమ్మిది గంటలు నిద్రపోతున్నాడు రోజూ,” అని జడ్జి తనలో తను అనుకున్నట్టు అంది.

“మా ఆయనా అంతే,” అని గొణిగింది పక్కన కూర్చుని రాసుకుంటున్న గుమాస్తా.

తీర్పు రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అల్లాల్, జాలరి, సజీవుడు, భార్యని విడిచి ఉన్నందున విడాకులు మంజూరు అని రాశారు. కింద పన్నెండుమంది సాక్షుల పేర్లూ ఉన్నాయి.

బస్సెక్కే రోజు పొద్దున లల్లా తామూ ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. కోడలి చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

“నువ్వు పోతే నేను ఎవరి చెయ్యి పట్టుకోవాలి?”

మహ్జూబా పట్టీ విప్పింది. తన మణికట్టు చుట్టూ తెల్లగా గీత పడి ఉంది. ముసలావిడ చేతికి పట్టీ చుట్టి, కొస లోపలికి దోపింది. అక్కడా యాభై ఎనిమిదే.

“కాస్త బిగించు,” అంది లల్లా తామూ, తలెత్తకుండా. “వదులుగా ఉంది.”

మహ్జూబా ఇంకో రంధ్రం లోపలికి బిగించి, సంచీ తీసుకుంది.

అగాదిర్‌లో ఆమె పదకొండేళ్లు పనిచేసింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. లల్లా తామూ పోయిందని కబురొస్తే వెళ్లలేదు.