చుట్టరికాల బొమ్మ

చనిపోయాక వచ్చిన మొదటి బోన్ పండుగకి కినుయె ఇంటికి వచ్చింది గానీ, మగగొంతుతో వచ్చింది.

జులై నెల. టోక్యోలో కాందా సందు, మసుయో ఇస్త్రీ దుకాణం పైగది. కొత్తగా పోయినవాళ్ళకి కట్టే తెల్ల లాంతరు కిటికీలో వేలాడుతోంది. గుమ్మం ముందు జనపపుల్లలు కాల్చి దారి చూపించడం అయింది. మసుయో ఒక కీరదోసకాయకి నాలుగు పుల్లలు గుచ్చి గుర్రమంది. ఒక వంకాయకి నాలుగు పుల్లలు గుచ్చి ఎద్దంది. రెండింటినీ అక్క ఫొటో ముందు నిలబెట్టింది.

"ఇదేం కూరగాయల సంత?" అన్నాడు తోకుజో.

"ఇక్కడి పద్ధతి బావా. పోయినవాళ్ళు గుర్రమెక్కి గబగబా వస్తారు. వెళ్ళేటప్పుడు కాళ్ళు రాక ఎద్దెక్కి మెల్లగా వెళ్తారు."

"మన కవాచిలో వంకాయలు తింటారు."

మసుయో నవ్వింది. ఆమె కినుయెకి చెల్లెలు. పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చి, మొగుడు పోయినా ఇస్త్రీపెట్టె వదలకుండా దుకాణం నడుపుతోంది. తోకుజో ఒసాకా పక్కన కవాచిలో పళ్ళు తోముకునే బ్రష్షులకి పంది వెంట్రుకలు కుట్టే పనిలో జీవితం గడిపాడు. పెళ్ళాం కినుయె పోయాక ఆ ఇంట్లో ఒక్కడూ ఉండలేక, ఉండలేనని చెప్పలేక, "నీ దుకాణానికి మగదిక్కు కావాలి" అంటూ వసంతంలో వచ్చి పైగదిలో దిగాడు. మసుయోకి మగదిక్కు అక్కర్లేదు. అయినా రానిచ్చింది.

తెచ్చుకున్నది ఒక బట్టల మూట, ఒక టేప్ రికార్డర్. పెద్ద చక్రాలు తిరిగే రకం. కినుయె కొనుక్కున్నది. ఆమె బోన్ నాట్యాలప్పుడు మంచె ఎక్కి పాడే మనిషి. ఊరంతా మంచె చుట్టూ గుండ్రంగా ఆడుతుంటే, చివరి వరసలో చెవిటివాడికి కూడా వినబడేది. తన పాటలో తప్పులు తనే పట్టుకోవడానికి ఆ యంత్రం కొంది. పాడిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది ఎక్కించేది. అందుకే మిగిలింది ఒక్కటే టేపు.

ఆ సాయంత్రం లాంతరు వెలిగించి, తోకుజో ఆ టేపు పెట్టాడు.

పాట వచ్చింది. బురదలో బండి వచ్చినట్టు వచ్చింది. గొంతు లావుగా, బరువుగా, సాగుతూ ఉంది. గుళ్ళో అర్చకుడు జలుబుతో మంత్రాలు చదువుతున్నట్టుంది. పాటకి ముందు ఆమె ఏవో మాటలు కూడా అంది. అవి గొణుగుడులో కలిసిపోయాయి.

మసుయో కాసేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపనుకున్నాడు. కాదు.

"బావా, అక్క పొరపాటున వచ్చేటప్పుడే ఎద్దెక్కినట్టుంది."

తోకుజో మీట నొక్కి ఆపేశాడు. నవ్వలేదు. ఆ పూట మరదలితో మాట్లాడలేదు.

పండుగ దాటిన మర్నాడు పొద్దున్నే యంత్రాన్ని చంకన పెట్టుకుని సందు చివరి రేడియో దుకాణానికి వెళ్ళాడు. అక్కడివాడు మూత కూడా తియ్యలేదు. పైన వేలితో తట్టి, "అరిగిపోయింది తాతా, పారేసి కొత్తది కొనుక్కో" అన్నాడు. తోకుజో మళ్ళీ ఆ దుకాణం ముందు నుంచి నడవలేదు. స్నానశాలకి వెళ్ళాలంటే అదే దగ్గర దారి. చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఆ రేడియో దుకాణంవాడు ఈ మధ్య పోయాడట. పోతే పోయాడు.

ఇంటికొచ్చి తనే వెనక చెక్క విప్పాడు. ఆ చెక్క లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. గీతలు, చుక్కలు, రంపం పళ్ళు, సున్నాలు. యంత్రం మూతకి లోపలివైపు మరతో బిగించిన ఇత్తడి ఉంగరం ఒకటి ఉంది. దేనికీ తగలకుండా ఊరికే ఉంది. దాన్ని విప్పి బల్ల మీద పడేశాడు. కాగితం ముందు కూచుని మధ్యాహ్నం దాకా చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"కొత్తది కొంటే పోతుంది కదా" అంది మసుయో, చొక్కా కాలరు మీద ఆవిరి కొడుతూ.

"కొత్తది కొనాలంటే కొట్లో ఈ టేపు పెట్టి చూడాలి. మీ అక్క గొంతు ఊరందరికీ వినిపించి, ఇదిగో మా ఆవిడ ఇలా అయింది అని చెప్పుకోమంటావా?"

"పండుగ అయిపోయింది. వచ్చే ఏడు చూసుకోవచ్చు."

"ఇక్కడ అయిపోయింది. కవాచిలో బోన్ ఆగస్టులో. మీ అక్క అక్కడ పోయింది. అక్కడి లెక్క ప్రకారమే వస్తుంది."

"అంటే అక్క రెండుసార్లు ప్రయాణం చెయ్యాలా?"

"మొదటిసారి తప్పు ఊరి తారీకుకి పిలిచింది నువ్వు."

మసుయో ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. "సరే. ఆగస్టు పదమూడు. ఈసారి అక్క అక్కలాగే రావాలి. మగాడై వచ్చిందంటే తప్పు నీది."

దాంతో తోకుజోకి గడువు పడింది. పోయినవాళ్ళకి మొదటి బోన్ ఒక్కసారే వస్తుంది. దాన్ని ఎవరూ మళ్ళీ ఇవ్వరు.

కాందా పక్కనే ఆకిహబారాలో రైలు పట్టాల కింద పార్టులమ్మే సందు ఉంది. ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాలి. ఆ సందు మొదట్లో కుగిమియా అనే ఆవిడ కొట్టు. మీద రైలు పోయినప్పుడల్లా చిన్న చిన్న సొరుగులన్నీ గలగలమంటాయి. ఆవిడ ఆ గలగలకి పైస్థాయిలో మాట్లాడి మాట్లాడి, రైలు లేనప్పుడు కూడా అరిచే మాట్లాడేది.

"ఏం కావాలి పెద్దాయనా?"

"సర్క్యూట్ బొమ్మ చదవడం."

"అది సొరుగుల్లో ఉండదు!"

"నేర్పండి."

"ఏం బాగుచెయ్యాలి? అది చెప్పండి, సగం పని అవుతుంది."

తోకుజో నోరు తెరవలేదు. మా ఆవిడ గొంతు లావైందని పరాయి ఆడదానితో చెప్పడమేంటి? "చదవడం వస్తే చాలు" అన్నాడు. అక్కడే నిలబడ్డాడు. సందులో అతను నిలబడితే మిగతావాళ్ళు పోలేరు. కుగిమియా విసుక్కుని, ఒక అట్టపెట్టె మూత చింపి చిన్న రేడియో సర్క్యూట్ బొమ్మ గీసింది.

"ఈ రంపం పళ్ళు రెసిస్టర్. కరెంటుని కాస్త ఆపుతుంది."

"బ్రష్షు వెంట్రుకల్లా ఉంది."

"ఉంటే ఉండనివ్వండి. ఈ రెండు గీతలు ఎదురెదురుగా కూచుని ముట్టుకోవు. కండెన్సర్."

"అలిగిన వియ్యంకుల్లా."

కుగిమియా తలెత్తి చూసింది. ముసలాడికి నాలుక ఉందన్నమాట. "గీత మీద గీత పోయిన చోట చుక్క ఉంటే రెండూ కలిసినట్టు. చుక్క లేదంటే దారిలో ఎదురుపడ్డాయి గానీ పలకరించుకోలేదు."

తోకుజో అట్టముక్క చొక్కాలో దోపుకుని వచ్చేశాడు. మర్నాడు ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

"మీ బొమ్మ తప్పు."

"ఏంటి?"

"బొమ్మలో ఈ కండెన్సర్ ఎడమ పక్క పైన ఉంది. మరదలి పాత రేడియో విప్పి చూశాను. కుడి పక్క అడుగున ఉంది. బొమ్మలో పక్కపక్కనున్నవి లోపల ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల."

కుగిమియా అరిచింది. రైలు లేదు, అయినా అరిచింది. "ఇది ఊరి పటం కాదు పెద్దాయనా! ఎవరిల్లు ఎక్కడో ఇందులో ఉండదు. ఎవరికి ఎవరు ఏమవుతారో అదే ఉంటుంది. మీ మరదలు ఎక్కడుంది?"

"కాందాలో."

"మీ ఊరేది?"

"చాలా దూరం."

"దూరమైతే మరదలు కాకుండా పోయిందా? ఇది చుట్టరికాల బొమ్మ."

తోకుజో అట్టముక్కని చాలాసేపు చూశాడు. చుట్టరికాలంటే అర్థమవుతుంది. కవాచిలో ఏ పెళ్ళిలో ఎవరు ఎవరి పక్కన కూచోకూడదో అతనికి నిద్రలో కూడా తెలుసు.

అక్కడి నుంచి చదువు సాగింది. రోజూ మధ్యాహ్నం వెళ్ళేవాడు. ఊరికే నేర్చుకోవడం ఇష్టం లేక కొట్టు ముందు తుడిచేవాడు, చెల్లాచెదరైన రెసిస్టర్లని రంగుల గీతలు చూసి సొరుగుల్లో వేసేవాడు. కుగిమియా ఊరికే ఉండేది కాదు. "ఇది పచ్చ పెద్దాయనా, నీలం కాదు. కళ్ళద్దాలు ముక్కుకి పెట్టుకోండి, నుదుటికి కాదు!" పక్క కొట్లవాళ్ళు నవ్వేవారు. అతను పక్క కొట్లవాళ్ళని కూడా క్షమించలేదు.

ఇంట్లో టేప్ రికార్డర్ కాగితం చదవడం మొదలుపెట్టాడు. గొంతు బయటికొచ్చేది స్పీకరు నుంచి కాబట్టి అక్కడ మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాడు. ప్రతి చుక్క దగ్గరా ఆగాడు. అనుమానం ఉన్న కండెన్సర్ మార్చాడు. ఇంకోటి మార్చాడు. ప్రతిసారీ టేపు పెట్టి వినేవాడు. కినుయె అదే మగగొంతుతో, అదే బురదలో వచ్చేది.

కింద నుంచి మసుయో అరిచేది. "బావా! అర్చకుడిగారికి జలుబు తగ్గిందా?"

"నీ ఇస్త్రీ మాడుతోంది, చూసుకో!"

ఆగస్టు వచ్చేసింది. ఇక దారి లేక తోకుజో వెనక చెక్కనే గుడ్డలో చుట్టుకుని కుగిమియా కొట్టుకి తీసుకెళ్ళాడు. ఏమైందో మాత్రం చెప్పలేదు.

"చదివి వినిపిస్తాను. తప్పైతే చెప్పండి." వేలు స్పీకరు మీద పెట్టాడు.

"అక్కడ కాదు. ఇంట్లోకి ఎవరైనా పెరట్లోంచి వస్తారా? ప్లగ్గు దగ్గర మొదలుపెట్టండి."

ప్లగ్గు కాగితం అడుగున మూలనుంది. ఆ మూలకి అతను ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడుండేది మోటారు. మోటారు పాడదు కదా, దానితో పనేంటి అనుకున్నాడు. ఇప్పుడు వేలితో బయల్దేరాడు.

"ప్లగ్గు. ఫ్యూజు. ఇక్కడ చుక్క. దారి రెండైంది. ఒక పాయ పాటవైపు పోయింది. ఇంకోటి మోటారుకి పోయింది. మోటారు ముందు ఒక స్విచ్చి. దానికి రెండు కాళ్ళు. ఒకదాని పక్కన యాభై అని ఉంది. ఇంకోదాని పక్కన అరవై." వేలు ఆగింది. "లోపల కూడా ఇలాంటిది చూశాను. ముల్లు అరవై మీద ఉంది. ఈ అరవై ఏంటి?"

"కరెంటు. పడమటి వైపు కరెంటు సెకనుకి అరవైసార్లు కొట్టుకుంటుంది. ఇక్కడ తూర్పున యాభై. ఫుజి నది దాటితే..." కుగిమియా మధ్యలో ఆగిపోయింది. "ఈ యంత్రం ఎక్కడిది?"

"కవాచి."

"దీనికేం జబ్బు?"

రైలొచ్చింది. సొరుగులన్నీ మోగాయి. రైలు పోయేదాకా తోకుజో నేల చూపులు చూశాడు. తర్వాత చెప్పాడు. "మా ఆవిడ పాట. గొంతు లావుగా, మెల్లగా వస్తోంది."

"ఎప్పట్నుంచి?"

"ఇక్కడికి వచ్చినప్పటి నుంచి."

కుగిమియా స్టూలు మీద కూలబడి, గల్లా మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వింది. "ఓరి దేవుడా! అరవైలో పుట్టిన మోటారు యాభైలో ఈడుస్తోంది పెద్దాయనా! గొంతుకేం కాలేదు. ఎండలో పడి తిరిగారే, మొదటి రోజే ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే టీ చల్లారేలోపు అయిపోయేది!"

"మరదలు ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంది. దానికి తెలీదా?"

"ఆవిడ ఏం చేస్తుంది?"

"ఇస్త్రీ."

"ఇస్త్రీపెట్టె ఏ కరెంటుకైనా వేడెక్కుతుంది. తిరిగేదానికే తేడా." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "స్విచ్చి యాభైకి తిప్పండి. మోటారు ఇరుసుకున్న ఇత్తడి ఉంగరం తీసి లావుది తొడగండి. అది మూత లోపల మరతో బిగించి ఉంటుంది. దాన్ని పారెయ్యలేదు కదా?"

తోకుజో చెక్క గుడ్డలో చుట్టుకోకుండానే పరుగులాంటి నడక అందుకున్నాడు.

బల్ల మీద ఉంగరం లేదు. బల్ల కింద లేదు. మసుయో చీపురు పట్టే మనిషి.

"ఇత్తడి ఉంగరం బావా? అదేం పనికొచ్చేది కాదన్నట్టు పడేశావుగా."

"చుట్టరికం లేదనుకున్నాను. ఉంది. ఎక్కడ పెట్టావ్?"

మసుయో ఇస్త్రీపెట్టెతోనే పైకి చూపించింది. దుకాణం గుమ్మానికి గాలిగంట వేలాడుతోంది. దాని నాలుకకి కట్టిన కాగితం తేలిపోతోందని, బరువు కోసం ఉంగరం కట్టింది. ఇన్నాళ్ళూ తోకుజో లోపలికి వచ్చినప్పుడల్లా అది అతని నెత్తి మీదే మోగింది.

పదమూడో తారీకు. టోక్యోకి అది మామూలు పనిరోజు. సందులో ఒక్క గుమ్మంలోనే జనపపుల్లలు కాలుతున్నాయి. ఎదురింటావిడ తలుపు తీసి, తారీకు తప్పారేమో చెప్పాలా వద్దా అని చూసి, తలుపు వేసుకుంది.

పైగదిలో ఫొటో ముందు మసుయో పొద్దున్నే కొత్త గుర్రాన్నీ కొత్త ఎద్దునీ నిలబెట్టింది. ఇప్పుడు గదిలో ముగ్గురున్నారు. మూడో మనిషి కుగిమియా. ముందురోజు తోకుజో కొట్టుకి వెళ్ళి, "రండి. మా ఆవిడ పాడుతుంది" అన్నాడు. అంత పొడుగు మాట అతను ఎవరినీ పిలవడానికి వాడలేదు.

లాంతరు వెలిగించి మీట నొక్కాడు.

చక్రాలు చురుగ్గా తిరిగాయి. ముందు దగ్గు. తర్వాత, పాటకి ముందరి ఆ గొణుగుడు, ఈసారి అక్షరం అక్షరం గాజుపెంకులా వచ్చింది.

"ఏమయ్యో, మైకు నా నోట్లో పెడతావా ఏంటి? వెనక్కి జరుపు! తిప్పావా మీట? తిప్పావా లేదా? నోరు తెరిచి ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోతుందయ్యా!"

కుగిమియా, మసుయో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు. వాళ్ళ నవ్వు మీంచి కినుయె పాట అందుకుంది. సన్నగా, నిటారుగా, చివరి వరసలో చెవిటివాడికి కూడా వినబడేలా. కింద సందులో సైకిలు మీద పోతున్నవాడెవడో ఆగి పైకి చూశాడు.

పాట అయిపోయింది. తోకుజో టేపు వెనక్కి తిప్పాడు. పాట మొదటికి కాదు. తిట్ల మొదటికి.

మసుయో కళ్ళు తుడుచుకుని ఫొటో ముందున్న పీఠం సర్దబోయింది. కీరదోసకాయ గుర్రం ఉంది. దాని పక్కన ఖాళీగా ఉంది.

"బావా, రేపో మాపో అక్క తిరిగి వెళ్ళాలి కదా. ఎద్దేది?"

"తిన్నాను" అన్నాడు తోకుజో, మీట నొక్కుతూ.